తెల్లబట్టల క్యాండిడేట్

ఆ రోజుల్లో నన్నెవరైనా ఏం చేస్తున్నావని అడిగితే "క్యాండిడేట్‌గా ఉన్నాను" అని చెప్పడమే నిజాయితీ అయ్యేది. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, హనుమకొండలో ఒక మూడో అంతస్తు గదిలో మరో ఇద్దరితో కలిసి ఉంటూ, ఇంజనీరు పోస్టులకు పరీక్ష ఎప్పుడు పెడతారా అని ఎదురుచూసేవాణ్ణి. పెట్టినప్పుడు రాసేవాణ్ణి, వాయిదా వేసినప్పుడు ధర్నాకు పోయేవాణ్ణి, రద్దు చేసినప్పుడు మళ్ళీ మొదటి పాఠం నుంచి చదివేవాణ్ణి. హాల్‌టికెట్ మీద, జవాబు పత్రం మీద, హాజరు కాగితం మీద నా సంతకం పక్కన అచ్చులో ఉండే మాట అదొక్కటే: క్యాండిడేట్. ఒకే మాట పక్కన అన్నిసార్లు సంతకం పెట్టే మనిషికి ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనిపించడం సహజం. (గదిలో ఉన్న మిగతా ఇద్దరికీ అనిపించలేదు. వాళ్ళిద్దరికీ నాకంటే ముందే ఉద్యోగాలొచ్చాయి.)

నాకు జాబితాలు రాసే జబ్బు ఉంది. ఇంగ్లిష్ పేపరు కోసం ఒక పెద్ద నోట్‌బుక్కులో గళ్ళు గీసి మాట, అర్థం, మూలం, వాడుక, సందేహాలు అని రాసుకునేవాణ్ణి. క్యాండిడేట్ అనే మాటకు మాత్రం వాడుక గడి చాలక పక్క పేజీలోకి పోవాల్సి వచ్చింది. పరీక్ష రాసేవాడు క్యాండిడేట్. ఇంటర్వ్యూ గది బయట ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు క్యాండిడేట్. మా వరంగల్‌లో పెళ్ళిసంబంధాలు చూసే పెద్దమనిషి ఫోన్లో ఉన్న అబ్బాయిలంతా క్యాండిడేట్లే ("మనోడు గవర్నమెంట్ క్యాండిడేట్ కాదుగని మంచోడు" అని నా గురించి ఒకచోట చెప్పాడట, సంబంధం అక్కడితో ఆగింది). బాకీ ఎగ్గొట్టి అదే షాపులో చాయ్ తాగగలిగినవాణ్ణి చూపించి "వాడొక క్యాండిడేట్ రా బై" అంటారు, అది ఏ నిఘంటువులోనూ లేని బిరుదు. ఇక ఎన్నికల్లో నిలబడ్డవాడు సరేసరి. వీళ్ళందరికీ మూలం లాటిన్‌లో తెలుపు అనే మాటట. రోమ్ నగరంలో పూర్వం పదవి కోసం జనాన్ని అడగడానికి పోయేవాడు మెరిసే తెల్లబట్ట కట్టుకునేవాడట. చాలకపోతే దాని మీద సుద్ద రుద్దేవాడట. తెల్లబట్ట కట్టినవాడు అన్నదే ఆ మాటకు అసలు అర్థం. ఇది చదివిన రోజు నాకు కలిగిన ఆనందం ఫలితాల్లో నా నంబరు చూసినా కలిగేది కాదు. (అప్పటికి చూడలేదు కాబట్టి ఖచ్చితంగా చెప్పలేను.)

ఈ విద్యను నా నోట్‌బుక్కులోనే ఉంచుకుంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు. కానీ సరిగ్గా అప్పుడే మా మామ సర్పంచ్ ఎన్నికల్లో నిలబడ్డాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్ళో, రోడ్డు మలుపు దగ్గర రేకుల షెడ్డులో ట్రాక్టర్లు, మోటార్లు బాగుచేస్తాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని గ్రీజు అన్న అంటారు. ఆయన అంగీ ఒకప్పుడు నీలం రంగులో ఉండేదని అత్త చెబితే నమ్మాలి తప్ప చూసి తెలుసుకోలేం. చేతులు ఎంత కడిగినా గోళ్ళ చుట్టూ నల్లటి గీత అలాగే ఉండేది. ఏ పొలంలో ఇంజను ఆగినా, ఏ బావి మీద మోటారు కాలినా పిలుపు ఆయనకే. ఆలస్యమైతే తిట్లు కూడా ఆయనకే. నిలబడమని ఊరివాళ్ళే పట్టుబట్టారు. మామకు మాత్రం ఒక్కటే కోరిక, అది నీళ్ళ ట్యాంకు మోటారు.

"నాకెందుకు అల్లుడా గీ లొల్లి?" అన్నాడు నాతో. "గని ఆ ట్యాంకు మోటరు సూత్తె కడుపుల మండుతాంది. నెలకోపాలి కాలుతది. మంచి తీగ సుట్టుండ్రంటె ఇనరు, కాలినప్పుడల్ల మల్ల గదే సుడుతరు. ఊరంత బిందెలు పట్టుకొని నిలబడుడే. ఒక్కపాలి ఆ కుర్చీల కూసుంటె దాన్ని సక్కగ జేపిచ్చి, మల్ల లేసి నా షెడ్డుకు నేనొత్త."

"ఐదేండ్లు కూసోవాలె మామా."

"ఐదేండ్లా? మోటరుకు రెండు దినాలు సాలు గద!"

నామినేషన్ కాగితాలు నింపడానికి నన్ను రమ్మన్నాడు. ఆ పని నేను బాగా చేశాను. ఏ కాగితం కింద ఏ కాగితం ఉండాలో రాసుకుని, ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుని ఇచ్చాను. ఒక్క కొట్టివేత లేదు. తీసుకున్న అధికారి "ఎవరు రాసిండ్రు?" అని అడిగాడు కూడా. మామకు దువ్వెన గుర్తు వచ్చింది. (మామకు బట్టతల. ఊరు రెండు రోజులు నవ్వుకుంది. నిజానికి అంతకన్నా మంచి ప్రచారం ఉండదు, కానీ నాకది అప్పుడు తట్టలేదు.) ఆ సాయంత్రమే నేను బస్సెక్కి హనుమకొండ వచ్చేసి ఉంటే ఈ కథ లేదు.

మర్నాడు షెడ్డులో నలుగురు కూర్చుని ఉండగా గొంతు సవరించుకున్నాను. "మామా, క్యాండిడేట్ అంటె అసలు అర్థం ఏందో ఎర్కేనా?"

"ఇంట్ల పని ఇడిసిపెట్టినోడు" అంది అత్త, చాయ్ గ్లాసులు అందిస్తూ.

"తెల్లబట్టలు కట్టినోడు అని అత్తా. రోమ్‌ల ఓట్లకు పొయ్యెటోళ్ళు బట్టలకు సుద్ద రుద్దుకొని మరీ పొయ్యెటోళ్ళట."

"మా బడిపంతులు అంగికి గూడ ఎప్పుడూ సుద్దనే ఉండేది. ఆయనేం గెలిసిండు?"

మామ మాత్రం శ్రద్ధగా విన్నాడు. చదువుకున్న మేనల్లుడి మీద ఆయనకు ఒక రకమైన భక్తి. చాయ్ గ్లాసు కింద పెట్టి అడిగాడు. "ఆ రోమోళ్ళకు ట్రాక్టర్లుండెనా?"

"లేవు మామా. రెండు వేల ఏండ్ల కిందటి ముచ్చట."

"గందుకే" అన్నాడు మామ.

ఆ ఒక్క మాటలో మొత్తం సమస్యా, దాని పరిష్కారమూ ఉన్నాయి. నేను వినిపించుకోలేదు. అదే రోజు హనుమకొండ చౌరస్తాకు పోయి మూడు జతలకు తెల్ల బట్ట తీసి, తెలిసిన దర్జీ దగ్గర కూర్చుని కుట్టించుకొచ్చాను. గంజి పాళ్ళు ఎంతో, నీలిమందు ఎన్ని చుక్కలో కాగితం మీద రాసి అత్తకిచ్చాను. అత్త ఆ కాగితాన్ని పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది, మళ్ళీ కనబడలేదు. షెడ్డు తలుపు మీద నియమావళి అంటించాను. ఎన్నిక ముగిసేదాకా నట్లు తిప్పే పాన ముట్టుకోరాదు. కింద కూర్చోరాదు, కుర్చీ లేనిచోట నిలబడే మాట్లాడాలి. చేయి ఊపేటప్పుడు భుజం ఎత్తు దాటాలి. ఇలా పదకొండు ఉన్నాయి, అన్నీ రాస్తే నాకే బాగోదు.

మొదటిరోజు తెల్లబట్టల్లో మామ వీధిలోకి అడుగుపెట్టగానే, షెడ్డులో ఆయన కాళ్ళ దగ్గర పడుకునే కుక్క ఆయన్నే చూసి మొరిగింది. నాలుగిళ్ళు దాటాక ఒక ముసలవ్వ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఎవలు బిడ్డా, బ్యాంకు నుంచొచ్చిండ్రా?" అంది.

"నేనే అవ్వా. నీ కొడుకు పంపుసెట్టు బాగుజేసెటోణ్ణి."

"ఓరి, నువ్వా! ఏమైంది కొడుకా, పని దొరుకుతలేదా?"

మిగతా ఇళ్ళలో మాత్రం నేను ఆశించిన ఫలితమే వచ్చింది. మామను చూడగానే జనం లేచి నిలబడేవారు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తువ్వాలుతో తుడిచి వేసేవారు. మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక ఆయన మోకాళ్ళ వంక చూసేవారు. లేచి నిలబడ్డవాళ్ళనందరినీ లెక్కపెట్టుకుని, ఆ అంకెనే రాబోయే ఓట్లుగా రాసుకునేవాణ్ణి. మూడోరోజుకు మామకు అనుమానం వచ్చింది.

"అల్లుడా, నన్నెవలు తిడుతలేరేందిరా?"

"మర్యాద మామా. లీడరంటె అట్లనే ఉంటది."

"ఇన్నేండ్ల సంది తిట్టినోళ్ళు ఒక్కపాలి మర్యాదిత్తాండ్రంటె ఏదో తేడా కొడ్తాంది."

పోలింగుకు మూడు రోజుల ముందు పొద్దున, కాలువ కింద పొలమున్న ఒక రైతు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మామకు బావ వరస. మోకాళ్ళదాకా బురద. నాటుకోసం నీళ్ళు పెట్టి పొలాన్ని బురదగా దున్నుతుంటే ట్రాక్టరు నడిమిట్ల ఆగిందట. "బావా, జర రా. నాటేసెటోళ్ళు పన్నెండు మంది గట్టుమీద కూసున్నరు. నారు ఎండకు వాడుతాంది."

మామ చెయ్యి దానంతటదే గోడకున్న పాన మీదికి పోయింది. నేను గోడకూ ఆయనకూ మధ్య నిలబడ్డాను. "మామా, తెల్లబట్టలు."

"పది నిమిషాల పనిరా. డీజిల్ పైపుల గాలి పట్టుంటది."

"ఇంకో గంటల మీటింగుంది. ఒక జత చినిగింది, ఇంకోటి ఆరలే. ఇదొక్కటే ఉన్నది."

చివరికి ఇంజనీరింగ్ చదివినవాడికి మాత్రమే తట్టే ఒక మధ్యేమార్గం చెప్పాను. మామ గట్టుమీద నిలబడి చెబుతాడు, బావ దిగి చేస్తాడు. దానికి సాంకేతిక సలహా అని పేరు కూడా పెట్టాను. ముగ్గురం పొలానికి పోయాం. కూలికి వచ్చిన ఆడవాళ్ళు పన్నెండు మందీ కొంగులు నడుముకు బిగించుకుని, నారు కట్టలు పక్కన పెట్టుకుని వరుసగా కూర్చుని ఉన్నారు. సినిమా మొదలుకాబోతున్నట్టుంది వాళ్ళ చూపు.

మామ గట్టుమీదినుంచి చెయ్యి చాపాడు. "ఆ ఫిల్టరు మీద స్క్రూ ఉన్నది సూడు. జర వదులు జెయ్యి. జర అంటె జర. మొత్తం ఇప్పకు. అరే, మొత్తం ఇప్పకంటి గదనే!"

స్క్రూ బురదలో పడింది. బావ వంగి వెతికాడు. వెతుకుతుంటే పాన కూడా పడింది.

ఆడవాళ్ళలో అందరికంటే నోరున్న అక్క ఒకామె లేచి నిలబడింది. "ఏందన్నా, గెలువక ముందుకే గట్టుమీదికెల్లి చెయ్యి ఊపుతానవ్?"

"ఇప్పుడు నేర్సుకోకుంటె రేపెట్ల ఊపుతడే!" అంది ఇంకొకామె. పన్నెండు మందీ ఒక్కసారి నవ్వారు.

మామ ప్యాంటు రెండు మడతలు పైకి మడిచాడు. నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. రెండు మడతలూ మళ్ళీ విప్పాడు. కాసేపయ్యాక మళ్ళీ మడిచాడు, మళ్ళీ విప్పాడు. ఆ మనిషిని అంత నిస్సహాయంగా నేను ముందెప్పుడూ చూడలేదు. దానికి కారణం మాత్రం ఎండ అనుకున్నాను.

మేము వెనక్కి తిరుగుతుండగా యూరియా పటేల్ కారు దిగాడు. ఎరువుల దుకాణం ఆయనది, మామకు ఎదురుగా నిలబడ్డది ఆయనే. పుట్టినప్పటినుంచీ తెల్లబట్టల్లోనే ఉన్నట్టు కనబడే మనిషి. సంగతి తెలుసుకున్నాడు. చెప్పులు విడిచి, ఆ మల్లెపువ్వు లాంటి ప్యాంటుతో నేరుగా బురదలోకి దిగాడు. మోకాళ్ళదాకా కూరుకుపోయాడు. ట్రాక్టరెక్కి పాన అందుకుని (తలకిందులుగా పట్టుకున్నాడు, అది ఆ పొలంలో నాకూ మామకూ తప్ప ఎవరికీ అక్కర్లేదు) ముఖం ఇంజను వైపు, కళ్ళు ఫోను వైపు పెట్టాడు. వెంట వచ్చినవాడు నాలుగు ఫొటోలు తీశాడు. పటేల్ దిగి వచ్చి, బురద ఆరకముందే మరో రెండిళ్ళు తిరిగాడు. ట్రాక్టరు మాత్రం మధ్యాహ్నం ఘన్‌పూర్ నుంచి ఇంకో మెకానిక్కు వచ్చేదాకా కదల్లేదు. ఆ లోపలే "రైతు కోసం బురదలో మన పటేల్" అని ఊరి వాట్సాప్ గ్రూపు నిండింది. తెల్లబట్టలకున్న అసలు ఉపయోగం సరైన సమయంలో వాటిని పాడుచేసుకోవడమని నా పుస్తకంలో ఎక్కడా రాయలేదు. నేనేమో మామ అంగీ మీద ఒక్క చుక్క పడకుండా కాపాడి, మీటింగుకు సరిగ్గా ఐదు నిమిషాల ముందు చేర్చాను. మీటింగులో లేచి నిలబడ్డవాళ్ళను లెక్కపెట్టుకున్నాను కూడా.

పోలింగు బడిలో మధ్యాహ్నం ఒంటిగంటదాకా జరిగింది. భోజనాలయ్యాక లెక్కింపు. మామ ఏడు ఓట్లతో ఓడిపోయాడు. ఏడు. నేను ఆ అంకెను కాగితం మీద రాసి, దాని కింద ఆ పొలం గట్టున కూర్చున్న పన్నెండు మందినీ రాసి, తీసివేత చేయకుండానే కాగితం మడిచేశాను. పటేల్ అనుచరులు బడి ముందు టపాకాయలు కాల్చారు. మామ ఇంటికి నడుస్తూ దారిలో ట్యాంకు దగ్గర ఒక్క క్షణం ఆగి, మోటారు చప్పుడు విని, "గీ బేరింగు గూడ పోతాంది" అన్నాడు. అన్నం పెడుతూ అత్త మాత్రం చాలా మర్యాదగా అడిగింది.

"నీ రోమోళ్ళల్ల ఓడిపోయినోళ్ళు ఏం గట్టుకుంటరు అల్లుడా?"

అది కూడా నా పుస్తకంలో లేదు.

మర్నాడు తెల్లారేసరికి మామ షెడ్డులో ఉన్నాడు. ఒకప్పుడు నీలం రంగులో ఉండేదన్న అంగీ తొడుక్కుని, కింద గోనెసంచి మీద కూర్చుని ఏదో గేరు విప్పుతున్నాడు. నా నియమావళి ఒక మూల చినిగి వేలాడుతోంది. కాసేపటికి పొలం గట్టున నోరుచేసిన ఆ అక్కే మందు కొట్టే పంపు భుజాన వేసుకుని వచ్చింది, వెనకాల ఇంకో ఇద్దరు. వస్తూనే మొదలుపెట్టింది.

"ఏమయ్యా గ్రీజన్నా, పది దినాల సంది పంపు పట్టుకొని తిరుగుతాన, నీ దర్శనమే లేదు! ఎవని పెండ్లికి పోయినవ్? తొందరగ జూడు, శేనుల పురుగు పడ్డది."

మామ తలెత్తాడు. పది రోజుల తర్వాత మొదటి తిట్టు. ఆయన ముఖం వెలిగింది. నాకు ఒళ్ళు మండింది.

"అక్కా," అన్నాను, "పని మా మామతోని, ఓటు పటేలుకా?"

ఆమె ఏమాత్రం తొణకలేదు. "దువ్వెనకే ఎయ్యాలని పోయిన తమ్మీ, ఒట్టు. ముద్దర సేతుల పట్టుకున్నంక గట్టుమీద నిలబడ్డ మనిషి కండ్లల్ల మెదిలిండు. ఈన్ని గెలిపిత్తె ఐదేండ్లు గట్టుమీదనే ఉంటడు, బురదల దిగడు. మరి మా మోటర్లెవలు సూత్తరు? పటేలు గెలిత్తె మాకు పొయ్యేదేముంది? ఆయన ఎట్లాగు పని జెయ్యడు."

"మేం గూడ గట్లనే అనుకున్నం" అన్నారు వెనకాల ఉన్న ఇద్దరూ, అదేదో మామకు చేసిన ఉపకారం అయినట్టు.

మామ పాన కింద పెట్టాడు. "ఐతె గా ట్యాంకు మోటరు ఇంకైదేండ్లు కాలుడేనా?" అన్నాడు.

"కాలితె నువ్వున్నవ్ గదన్నా!" అంది అక్క.

నిజంగా అంత నమ్మకంతో ఒక మనిషిని ఓడించడం నేను ఇంకెక్కడా చూడలేదు. నాకు చాలా చెప్పాలనిపించింది. మామ గెలిచి ఉంటే మొదటి వారంలోనే ఆ మోటారు బాగయ్యేదని, తర్వాత ఐదేళ్ళూ ఆయన ఈ గోనెసంచి మీదే ఉండేవాడని, ఆ గట్టుమీద నిలబడ్డది నిజానికి ఆయన కాదని, నేనని. ఏ వరుసలో చెప్పాలో మనసులో రాసుకుంటుండగానే మామ పంపు తిప్పి చూశాడు. లోపలున్న నూనె, పాత మందు కలిసి చివ్వున పైకి చిమ్మాయి. చెయ్యి అడ్డం పెట్టి, నా వైపు తిరిగాడు. ఆ పది రోజుల్లో ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఇప్పుడంటాడేమో అనుకున్నాను.

"జర దూరం నిలబడు అల్లుడా" అన్నాడు. "ఇస్త్రీ అంగి, ఖరాబైతది."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని చాలాకాలం వెతికాను. లేదు. మామ నిజంగా నా అంగీ గురించే అన్నాడు. ఇప్పుడు నాకూ ఉద్యోగం వచ్చింది, నెలకు సగం రోజులు సైటు మీదే ఉంటాను, నా అంగీలకు కూడా ఇప్పుడు రంగు అడిగితే చెప్పడం కష్టం. అయినా ఎక్కడైనా ఇంజను విప్పుతూ ఎవరైనా దగ్గరికి రమ్మంటే, ఆ పొద్దున షెడ్డులో నిలబడ్డ ఇరవై నాలుగేళ్ళ పెద్దమనిషి గుర్తొస్తాడు. మెకానికల్ ఇంజనీరింగ్ ఫస్ట్ క్లాసు. ఒక మాటకు రెండు వేల ఏళ్ళ కిందటి మూలం తెలిసినవాడు. మామ అలా అనగానే "సరే మామా" అని, అంగీ అంచు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.